ఇరవై ఎనిమిది రోజుల వదిన

మా వదిన ఏదైనా నమ్మాలంటే ముందు దాన్ని పగలగొట్టి చూడాలి. ఇది నేను ఒళ్ళు మండి అంటున్న మాట కాదు, ఆవిడ ఉద్యోగమే అది. నది మీద కొత్తగా కడుతున్న వంతెన పక్కన రేకుల షెడ్డు ఒకటి ఉండేది. అందులో కాంక్రీటును పరీక్ష చేసేవారు. లారీలో సరుకు రాగానే వదిన కాస్త తీసుకుని ఇనప అచ్చుల్లో కూరి, కడ్డీతో పొడిచి, పైన తాపీతో చదును చేసేది. మర్నాటికి అవి రెండు చేతుల్లో ఇమిడే దిమ్మలయ్యేవి. వాటిని క్యూబులంటారు. వాటి మీద తేదీ రాసి నీళ్ళ తొట్టిలో పడేసేది. ఏడో రోజున కొన్ని తీసి యంత్రంలో పెట్టి నొక్కి, ఎంత బరువుకు పగిలాయో చూసేది. మిగిలినవాటిని ఇరవై ఎనిమిదో రోజున పగలగొట్టేది. అప్పుడు గాని "ఊఁ, పనికొస్తుంది" అన్న మాట ఆవిడ నోట్లోంచి ఊడిపడేది కాదు.

అదే సైటులో క్యాంటీన్ నాది. నేను వదినా అని పిలుస్తుంటే విని ఇంజనీర్లు, కూలీలు, గేటు దగ్గర కాపలా ముసలాయన, అందరూ ఆవిడను క్యూబుల వదిన అనడం మొదలుపెట్టారు. కాపలా ఆయనకు ఆవిడ వయసులో కూతురుంది. అయినా వదినే.

వదిన మొగుడు, మా ముగ్గురన్నయ్యల్లో ఆఖరివాడు, కాంక్రీటు లారీ తోలుతాడు. వెనక పెద్ద డోలు గిరగిరా తిరుగుతూ ఉంటుందే, ఆ లారీ. వీళ్ళిద్దరి పరిచయం మొదలైంది కూడా అలాంటి లోడు దగ్గరే, చాలా ఏళ్ళ కిందట ఇంకో సైటులో. అన్నయ్య తెచ్చిన మొదటి లోడులో నీళ్ళెక్కువయ్యాయని వదిన మొహం మీదే చెప్పి వెనక్కి పంపేసింది. రెండోసారి తెచ్చిందీ వెనక్కి పంపింది. మూడోసారి సరిగ్గా కలిపించుకుని తెస్తే తల ఊపింది. ఆ తల ఊపుకే మావాడు పడిపోయాడు. పెళ్ళయిన కొత్తలో అడిగాను, నీకేం నచ్చింది రా బాబూ ఆవిడలో అని. "ఊరికే బాగుంది అనదు. అంటే నిజంగా బాగున్నట్టే" అన్నాడు. అన్నయ్య ఆ మాట తర్వాత చాలాసార్లు తలచుకుని ఏడవాల్సి వచ్చింది.

వదినకు ఒక కోరిక ఉండేది. నగలు కాదు, ఇల్లు కాదు. ఒక్క వంతెనను పునాది నుంచి రెయిలింగ్ దాకా తన చేతుల మీదుగా చూడాలి. ఇంతకు ముందు ఒక వంతెన దగ్గర పనిచేసింది. నాలుగో స్తంభం లేస్తుండగా కడుపులో పాప పడింది. అనుకుని కాదు, కండోమ్ చిరిగింది. అది మామూలు కడుపు కూడా కాదు. మంచం దిగకూడదన్నారు డాక్టర్లు. పాప పుట్టి, పాకి, నడిచి, వదిన మళ్ళీ పనికి వెళ్ళేసరికి ఆ వంతెన మీద బస్సులు తిరుగుతున్నాయి. ఆ రోజు ఇంటికొచ్చి వదిన అన్నం తినలేదు. పాపంటే ప్రాణమే ఆవిడకు. అయినా ఆ బస్సుల్ని చూసినప్పుడు గుండెలో ఏదో పీకినట్టయిందని నాతో చెప్పింది. రెండూ నిజమే, ఒకదానికొకటి అడ్డం కాదు.

ఈసారి ఈ నది మీది వంతెన వచ్చింది. రెండేళ్ళ పని. పరీక్షల గది మొత్తం వదిన చేతికే ఇచ్చారు. పాపకు నాలుగేళ్ళు. ఇంట్లో మా అమ్మ చూసుకుంటుంది. అంతా సరిపోయింది. ఇక మిగిలిన భయం ఒక్కటే, మళ్ళీ మధ్యలో కడుపొస్తుందేమోనని. అందుకే వదిన ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి, అక్కడి నర్సమ్మకు బీపీ చూపించుకుని, తలనొప్పులున్నాయా, సిగరెట్టు తాగుతావా, కాళ్ళలో ఎప్పుడైనా రక్తం గడ్డకట్టిందా అన్న ప్రశ్నలన్నిటికీ లేదు లేదు అని చెప్పి, పిల్లలు పుట్టకుండా వేసుకునే మాత్రల అట్టలు తెచ్చుకుంది.

ఆ తర్వాతి నెలసరి వచ్చిన రెండో రోజున మొదటి మాత్ర వేసుకుంది. ఆ రాత్రే అన్నయ్య దిండూ దుప్పటీ హాల్లోకి వచ్చాయి.

మా క్వార్టర్స్‌లో రెండే గదులు. లోపలి గది వాళ్ళ ముగ్గురిదీ, హాలు నాదీ అమ్మదీ. హాల్లో ఒక పాత సోఫా ఉంది. అన్నయ్య ఆరడుగుల మనిషి, సోఫా నాలుగడుగులు. తల సోఫా ఒక చేతి మీద, కాళ్ళు ఇంకో చేతి మీదుగా కిందికి వేలాడేసుకుని పడుకునేవాడు. పొద్దున్నే లేచి నడుం పట్టుకుని లారీ ఎక్కేవాడు.

నాలుగు రోజులు చూశాను. ఐదో రోజు వదినను క్యాంటీన్ వెనక్కి లాక్కెళ్ళాను.

"ఏంటి వదినా ఇది? కొట్టుకున్నారా?"

"లేదే."

"మరి అన్నయ్యను సోఫా మీదికెందుకు తోలేశావు?"

వదిన అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి సంగతి చెప్పింది. నర్సమ్మ ఏం చెప్పిందంటే, నెలసరి వచ్చిన ఐదు రోజుల్లోపు మాత్ర మొదలుపెడితే ఆ రోజు నుంచే పనిచేస్తుందట. మధ్యలో ఎప్పుడో మొదలుపెడితే మాత్రం ఏడు రోజులు ఆగాలట, లేదా కండోమ్ కూడా వాడాలట.

"నువ్వు రెండో రోజే మొదలెట్టావుగా?"

"అవును."

"అయితే ఆ రోజు నుంచే పనిచేస్తుందిగా?"

వదిన నన్ను జాలిగా చూసింది. "నువ్వు కూడానా మరదలా? పోసిన రోజే స్లాబు మీదికి లారీ ఎక్కించేస్తామా? ఏదైనా బలం పట్టడానికి టైం పట్టదూ? ఆవిడ ఏడు రోజులంది చూడు, అక్కడే నాకు అర్థమైంది. ఏడు రోజులకు వచ్చేది మూడింట రెండొంతుల బలమే. పూర్తి బలం ఇరవై ఎనిమిదికే."

"అది కాంక్రీటు వదినా!"

"ఏదైతేనేం. తొందరపడి మధ్యలో స్లాబు కింది సెంట్రింగ్ చెక్కలు విప్పేసినవాళ్ళెవరూ బాగుపడలేదు."

నేను తల పట్టుకున్నాను. చదువుకున్న మనిషి, లెక్కలొచ్చిన మనిషి. కాని పదేళ్ళుగా ఆవిడ కళ్ళ ముందు బలమనేది ఒక్క తీరులోనే పెరిగింది, నీళ్ళ తొట్టిలో, రోజు రోజుకూ. ఇంకో తీరులో కూడా పనులు జరుగుతాయంటే మనసొప్పలేదు. పోనీలే, ఇరవై ఎనిమిది రోజులేగా, ఎలాగోలా గడిచిపోతాయి అనుకున్నాను. అన్నయ్యా అలాగే అనుకున్నాడు పాపం.

మా అమ్మ మాత్రం అలా అనుకోలేదు. అమ్మ చెవిన ఎవరూ ఏమీ వేయలేదు. కోడలు కొడుకును బయటికి తోసిందంటే కొడుకే ఏదో వెధవ పని చేసి ఉంటాడని తీర్మానించుకుంది. అందుకు అమ్మను మెచ్చుకోవాలి, ఎంతమంది అత్తలు అలా అనుకుంటారు? ఒక సాయంత్రం అన్నయ్యను వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది. నేను బయట ఉల్లిపాయలు తరుగుతున్నాను. అంతా వినిపిస్తూనే ఉంది.

"వెళ్ళి క్షమించమని అడుగు."

"దేనికమ్మా?"

"దేనికో నీకు తెలీదా?"

"తెలీదమ్మా."

"తెలీదంటే ఇంకా పెద్ద తప్పు చేసుంటావు. ముందు అడుగు. దేనికో అదే చెబుతుంది."

అన్నయ్య నిజంగానే వెళ్ళి అడిగాడు. వదిన నవ్వు ఆపుకోలేక చెంగు నోట్లో కుక్కుకుంది. అది చూసి అమ్మ, ఏడుస్తోంది పాపం పిచ్చిపిల్ల అనుకుని అన్నయ్యను ఇంకో విడత చీవాట్లు పెట్టింది. పెళ్ళామూ ఏమీ అనక, తల్లీ వదలక, మావాడు మధ్యలో నలిగిపోయాడు.

అసలు తమాషా ఇరవై రెండో రోజున మొదలైంది. అట్టలో ఉన్నవి ఇరవై ఒక్క మాత్రలు. అవి అయిపోగానే ఏడు రోజులు ఏమీ వేసుకోకూడదు, ఎనిమిదో రోజున కొత్త అట్ట మొదలుపెట్టాలి. నర్సమ్మ అలాగే చెప్పింది, వదిన అలాగే చేసింది. కాని ఆ ఏడు రోజుల ఖాళీ చూసి వదినకు గుండె జారిపోయింది. రోజూ తడపాల్సిన కాంక్రీటును వారం రోజులు ఎండబెడితే ఏమవుతుంది? పగుళ్ళిస్తుంది. పట్టిన బలం కూడా పోతుంది. కాబట్టి కొత్త అట్టతో లెక్క మళ్ళీ మొదటి నుంచి.

ఇరవై ఎనిమిది రోజులు గడిచాయని ఆ రాత్రి అన్నయ్య దిండు చంకలో పెట్టుకుని, తల దువ్వుకుని మరీ లోపలికి వెళ్ళాడు. రెండు నిమిషాల్లో అదే దిండుతో తిరిగొచ్చాడు.

"ఏమైంది?" అన్నాను చీకట్లో.

"మళ్ళీ ఒకటి నుంచట" అన్నాడు, సోఫా చేతి మీదికి కాళ్ళు వేలాడేస్తూ.

రెండో అట్టా అయిపోయింది. మళ్ళీ ఏడు రోజుల ఖాళీ. మళ్ళీ ఒకటి నుంచి. నాకు విషయం అర్థమైంది. ఇరవై ఒకటి దగ్గర ఆగిపోయే అట్టతో ఇరవై ఎనిమిది ఎప్పటికి వస్తుంది? జన్మలో రాదు. వంతెన పూర్తవుతుంది, పాపకు పెళ్ళవుతుంది, అన్నయ్య మాత్రం ఆ సోఫా మీదే ముసలాడైపోతాడు. ఈ ముక్క వదినతో చెప్పాను. "ఆలోచిస్తున్నా" అంది. ఆవిడ ఆలోచిస్తూనే ఉంది, మావాడి మొహం మాడిపోతూనే ఉంది.

నవ్వులాటగా మొదలైంది నవ్వులాటగా మిగల్లేదు. అన్నయ్య క్యాంటీన్‌కు రావడం తగ్గించాడు. వచ్చినా కప్పు పట్టుకుని నదిలోకి చూస్తూ కూర్చునేవాడు. ఒక మధ్యాహ్నం లారీలవాళ్ళ మేస్త్రి టీ తాగుతూ నాతో అన్నాడు, "మీ అన్నయ్య కొండల వైపు కొత్త సైటుకు వెళ్తానని పేరిచ్చాడు. ఆర్నెల్ల దాకా రాడు. నీకు చెప్పలేదా?"

నాకు చెప్పలేదు. వదినకూ చెప్పలేదు. నేను పొయ్యి మీది టీ అలాగే వదిలేసి లారీల దగ్గరికి పరుగెత్తాను. అన్నయ్య డోలు కడుగుతున్నాడు.

"ఎందుకు పేరిచ్చావు?"

"పనుంది, వెళ్తున్నాను."

"అన్నయ్యా, నాతో వేషాలెయ్యకు."

నీళ్ళ గొట్టం కింద పడేసి నా వైపు తిరిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "మాత్రలు, రోజులు, లెక్కలు. అదంతా సాకు కదే? నామీద మొహం మొత్తింది. చెప్పలేక లెక్కలు చెబుతోంది. అడ్డం నేనెందుకు, వెళ్ళిపోతే తన వంతెన తను కట్టుకుంటుంది."

నాకు అన్నయ్య మీద జాలేసింది. అంతకు నాలుగింతలు ఇద్దరి మీదా కోపమొచ్చింది. ఒకరికేమో లెక్కలు తప్ప మాటలు రావు. ఇంకొకరికేమో మాట తప్ప లెక్క అర్థం కాదు. నేరుగా రేకుల షెడ్డులోకి వెళ్ళి వదిన చేతిలోని తాపీ లాక్కున్నాను.

"పద."

"ఎక్కడికి? క్యూబులు నింపాలి."

"క్యూబులెక్కడికీ పోవు. అన్నయ్య పోతున్నాడు, కొండల్లోకి, ఆర్నెల్లు. నీకు వాడి మీద మొహం మొత్తిందనుకుంటున్నాడు."

వదిన మొహంలో నెత్తురు చుక్క లేదు. "మొత్తడమేంటే? ఆయన దగ్గర భయం లేకుండా ఉండాలనేగా నేను మాత్రలు..." అని ఆగిపోయింది. కళ్ళనిండా నీళ్ళు. ఆవిడ ఏడవడం నేను అంతకు ముందు ఒక్కసారే చూశాను. తనకు సహాయంగా ఉండే అమ్మాయికి అచ్చులప్పగించి, చేతులు కూడా సరిగా కడుక్కోకుండా నాతో వచ్చింది.

ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మ టీకాల పెట్టె సర్దుతోంది. లావుపాటి మనిషి, ఎప్పుడూ నవ్వు మొహం, గొంతు మాత్రం బజారంతా వినబడుతుంది. వదిన సిగ్గుపడుతూ అంతా చెప్పింది, మూడింట రెండొంతులతో సహా. నర్సమ్మ నోరు తెరిచి విని, కుర్చీలో కూలబడి, పొట్ట పట్టుకుని నవ్వింది.

"రెండు నెలలు దాటిందా! ఆ మహానుభావుణ్ణి ఒకసారి తీసుకురండమ్మా, దండం పెట్టుకుంటాను."

వదిన నవ్వలేదు. "నాకు అర్థమయ్యేలా చెప్పండి నర్సమ్మా."

నర్సమ్మ కళ్ళు తుడుచుకుంది. "విను. ఇది గట్టిపడే వస్తువు కాదు. మాత్ర చేసే పని, అండాన్ని విడుదల కాకుండా ఆపడం. నెలసరి వచ్చిన కొత్తలో ఆ నెల అండం ఇంకా తయారై ఉండదు. అప్పుడే మాత్ర వెళ్ళి దాన్ని పడుకోవే అంటే పడుకుంటుంది. అందుకే ఐదు రోజుల్లోపు మొదలెడితే ఆ రోజు నుంచే రక్షణ. మధ్యలో మొదలెడితే అది అప్పటికే సగం లేచి ఉండొచ్చు. దాన్ని పడుకోబెట్టాలంటే ఏడు రోజులు వరసగా మాత్ర పడాలి. అందుకని ఆ ఏడు రోజులూ వేరే జాగ్రత్త తీసుకోమంటాం. ఆ తర్వాత పూర్తి పనే. మూడింట రెండొంతులూ లేదు, ముప్పావూ లేదు."

"మరి ఆ ఖాళీ ఏడు రోజులు?"

"ఇరవై ఒక్కటీ తప్పకుండా వేసుకున్నావా?"

"ఒక్కటి కూడా తప్పలేదు."

"అయితే ఆ ఏడు రోజులూ అది నిద్రలోనే ఉంటుంది. ఎనిమిదో రోజున కొత్త అట్ట మొదలెట్టడం మాత్రం మరవకూడదు. అక్కడ ఆలస్యం చేస్తేనే అది కళ్ళు తెరుస్తుంది. ఎప్పుడైనా ఒక మాత్ర మరిచిపోతే గుర్తుకొచ్చిన వెంటనే వేసుకో, ఏం కాదు. రెండో అంతకంటే ఎక్కువో వరసగా మరిచిపోతే మళ్ళీ ఏడు రోజులు జాగ్రత్త. మాత్ర వేసుకున్న రెండు మూడు గంటల్లోపు వాంతి అయితే ఇంకోటి వేసుకో. అంతే, ఇంతకు మించి ఇందులో రహస్యమేం లేదు."

"అన్ని మాత్రలూ ఇంతేనా?" అన్నాను నేను, నా చెవిలోనూ వేసుకుందామని.

"పాలిచ్చే తల్లులకు వేరే రకం ఇస్తాం. అది మధ్యలో మొదలెట్టినా రెండు రోజులు ఆగితే చాలు. కాని రోజూ అదే వేళకు పడాలి. నీకు కావలసినప్పుడు రా, చెబుతాను."

వదిన చేతికంటిన సిమెంటును గోటితో గీక్కుంది. తర్వాత అడిగింది, "నర్సమ్మా, మా దగ్గర యంత్రం ఉంది, పెట్టి నొక్కితే తెలిసిపోతుంది. దీన్ని ఎక్కడ పెట్టి చూసుకోను?"

"దీనికి యంత్రం లేదు తల్లీ."

"పోనీ, తప్పే అవకాశం ఎంత?"

నర్సమ్మ ఈసారి నవ్వలేదు. "ఉంది. అసలు లేదని చెబితే అబద్ధమవుతుంది. వందమంది ఆడవాళ్ళు ఏడాది పొడుగునా ఒక్కటీ తప్పకుండా వేసుకుంటే, మహా అయితే ఒకరికి కడుపు నిలుస్తుంది, చాలాసార్లు అదీ ఉండదు. మరిచిపోతూ, ఆలస్యం చేస్తూ వేసుకుంటే మాత్రం ఏడుగురి దాకా."

వదిన మొహం అప్పుడు తేటపడింది. నాకు ఆశ్చర్యమేసింది. తప్పుతుందని చెబితే ధైర్యమొచ్చేదేంటి ఎవరికైనా? తిరిగొస్తూ దారిలో అడిగాను.

"నా పరీక్షల్లోనూ వందకు కొన్ని తప్పుతాయే" అంది వదిన. "నూటికి నూరూ బాగుందనేవాణ్ణి మాత్రం నేను సైటులో అడుగు పెట్టనివ్వను. ఎన్ని తప్పుతాయో ఆవిడ చెప్పింది. ఇంక నమ్మొచ్చు."

లారీల దగ్గరికి మేం వెళ్ళేసరికి అన్నయ్య స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఉన్నాడు. వదిన మెట్టెక్కి లోపలికెళ్ళి పక్క సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది. వాళ్ళేం మాట్లాడుకున్నారో నాకు వినబడలేదు. వినాలని ప్రయత్నించాను, డోలు తిరుగుతోంది. కాసేపటికి అన్నయ్య కిందికి దిగి, మేస్త్రి దగ్గరికి పెద్ద పెద్ద అంగలేసుకుంటూ వెళ్ళి తన పేరు కొట్టేయించుకున్నాడు. వస్తూ వస్తూ ఈల వేశాడు. అన్నయ్య ఈల మహా ఘోరంగా ఉంటుంది.

ఆ సాయంత్రం వదిన హాల్లోకి వచ్చి, అందరి ముందూ, సోఫా మీది దిండు తీసి చంకలో పెట్టుకుని లోపలికి నడిచింది. పాప వెనకే వెళ్ళి, "నాన్న ఇంక ఇక్కడ పడుకుంటాడా? మరి నేనెక్కడ?" అంది.

"నువ్వు నానమ్మ దగ్గర. నానమ్మకు ఒంటరిగా భయమేస్తోందట" అన్నాను.

అమ్మ నా వైపు కొరకొరా చూసింది కాని కాదనలేదు. పాపను దగ్గరికి తీసుకుని, "చూశావా, క్షమించమని అడిగితే పోయేదేముంది? నేను చెప్పాగా" అని మురిసిపోయింది. అమ్మ ఆనందాన్ని మేమెవరం పాడుచేయలేదు.

ఇంతటితో అంతా సుఖం అనుకున్నాం. మూడో అట్ట అయిపోయి ఖాళీ ఏడు రోజులు వచ్చాయి. ఆ ఖాళీలో మామూలుగా నెలసరిలా కనబడాలి. ఈసారి కనబడలేదు. ఐదో రోజు పొద్దున్న వదిన నా దగ్గరికి వచ్చి నిలబడింది. ఇంకా కనబడలేదంది. చూపులు కిటికీలోంచి కనబడుతున్న స్తంభాల మీద ఉన్నాయి. అవి ఆరు లేచాయి అప్పటికి. ఏం చెప్పను? ఏం కాదులే అని తేలిగ్గా అనేస్తే ఆవిడ నమ్మే మనిషి కాదు.

నర్సమ్మకు ఫోన్ చేశాను. మాత్రలు వాడేవాళ్ళకు ఒక్కోసారి అలా కనబడకుండా పోతుందట, అన్నీ తప్పకుండా వేసుకున్నావు కాబట్టి కంగారుపడొద్దంది. అనుమానం తీరాలంటే మందుల షాపులో పరీక్ష పట్టీ కొనుక్కుని చూసుకో, కొత్త అట్ట మాత్రం సమయానికే మొదలుపెట్టు అంది. వదిన షాపుకు వెళ్ళి మూడు కొనుక్కొచ్చింది.

"మూడెందుకు?"

"ఒక్కదాన్ని చూసి ఎవరు చెబుతారే ఫలితం? ఎప్పుడూ మూడు తీస్తాం."

స్నానాల గది బయట నేనూ అన్నయ్యా నిలబడ్డాం. అన్నయ్య గోళ్ళు కొరుక్కుంటున్నాడు. ఏం రావాలని మొక్కుకుంటున్నావు అని అడిగాను. "దానికేది కావాలో అదే" అన్నాడు. ఆ మాటకు, నాలుగడుగుల సోఫా మీద వాడు పడ్డ పాట్లకు, ఆ ఘోరమైన ఈలకు కూడా వాణ్ణి మెచ్చుకోవాలనిపించింది.

వదిన తలుపు తీసి మూడు పట్టీలూ వరసగా కిటికీ గట్టు మీద పేర్చింది. మూడింటి మీదా ఒక్కొక్కటే గీత. కడుపు రాలేదు. వదిన వాటిని ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు చూసి, "ఊఁ, పనికొస్తుంది" అంది. అన్నయ్య ఆవిణ్ణి ఎత్తి గిరగిరా తిప్పాడు. నడుం పట్టేసింది. రెండు రోజులు లారీ ఎక్కలేకపోయాడు.

ఆ తర్వాత రోజులు పరుగెత్తాయి. వదిన పళ్ళు తోముకోగానే మాత్ర వేసుకునేది, ఆ పైన షెడ్డుకు వెళ్ళి క్యూబులు తీసేది. రెండింటి గురించీ మళ్ళీ ఎప్పుడూ బెంగపడలేదు. స్తంభాలన్నీ లేచాయి. వాటి మీద దూలాలు పడ్డాయి, దూలాల మీద రోడ్డు పడింది. చివర్న బరువు పరీక్ష చేశారు. నిండా ఇసుక నింపిన లారీలను మధ్య భాగం మీద నిలబెట్టి, వంతెన ఎంత కుంగుతుందో, లారీలు తీసేశాక మళ్ళీ ఎంత పైకి లేస్తుందో కొలుస్తారు. ఆ లారీల్లో ఒకటి అన్నయ్య తోలాడు. వదిన ఒడ్డున నా పక్కన నిలబడి నా చెయ్యి నొక్కేసింది. వేళ్ళు విరుగుతాయేమోనని భయమేసింది. వంతెన వెంట్రుకవాసి కుంగి, మళ్ళీ సరిగ్గా తన చోటికి లేచింది.

రాకపోకలు మొదలయ్యే ముందు రోజు సాయంత్రం పనిచేసినవాళ్ళ ఇళ్ళవాళ్ళను నడవనిచ్చారు. పాప ముందు పరుగెత్తింది, అన్నయ్య పాప వెంట పడ్డాడు. వదిన చివరి రెయిలింగ్ స్తంభం దగ్గర ఆగి, దాని మీద అరచెయ్యి పెట్టి, దాచుకోకుండా ఏడ్చింది. సంతోషంగా ఉంది మరదలా, చాలా సంతోషంగా ఉంది అంది. నాకూ ఏడుపొచ్చింది. నేను కట్టింది ఏమీ లేదు, టిఫిన్ పొట్లాలు తప్ప.

అమ్మ వదిన పక్కన నిలబడి నీళ్ళకేసి చూస్తోంది. ఇన్నాళ్ళూ కోడలు రోజూ పొద్దున్న వేసుకునే మాత్ర ఏమిటో అమ్మకు ఈ మధ్యే తెలిసింది. వదినే చెప్పింది. అమ్మ ఏమీ అనలేదు అప్పుడు. ఇప్పుడంది.

"నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చేరాను, పెళ్ళైన కొత్తలో."

నేను తల తిప్పి చూశాను. ఇంతవరకూ నాకు తెలియదు. మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

"శిక్షణ ఇచ్చారు. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఎవరికి ఎవరి లైను కావాలంటే వాళ్ళకు కలిపేయాలి. నా గొంతు బాగుందన్నారు. రేపటి నుంచి లైన్లు కలిపే బోర్డు ముందు కూర్చో అన్నారు. అంతలో మీ పెద్దన్న కడుపున పడ్డాడు. వాడి వెనక ఇంకొకడు, వాడి వెనక ఈ లారీవాడు, చివరికి నువ్వు. ఒక్క ఫోనైనా కలపలేదు నేను."

వదిన అమ్మ చెయ్యి పట్టుకుంది. "ఈ మాత్రలు అప్పుడు లేవా అత్తయ్యా?"

"ఉండేవేమో. మాకు చెప్పినవాళ్ళెవరు?"

నేను ఎప్పటిలాగే వేళాకోళమాడాను. "బాగుందమ్మా. నీకు ఎవరైనా చెప్పుంటే మేమెవరం ఉండేవాళ్ళం కాదన్నమాట."

అమ్మ నా తల మీద చెయ్యేసి, వేళ్ళతో జుట్టు సర్దింది.

"ఎందుకుండరు? అందరూ ఉండేవాళ్ళు. కాస్త ఆగి వచ్చేవాళ్ళు, అంతే" అంది.